యంత్రం బాగుంది, మరి ఈ మంట ఎక్కడిది?

పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు నంద్యాలలో మా ఓపీకి వచ్చినప్పుడు తరచూ వినిపించే మాట ఇది: ‘మిషన్ బాగానే పనిచేస్తోందన్నారు సార్, ఈ మంట మాత్రం పోవట్లేదు.’ ఆపరేషన్ చేసిన చోటికి వెళ్తే యంత్రాన్ని పరీక్షిస్తారు. బ్యాటరీ ఎంత మిగిలిందో చూస్తారు. ‘అంతా బాగుంది, భయపడకండి’ అని పంపిస్తారు. ఇంటికొచ్చాక మాత్రం భుజాన తుండుగుడ్డ వేసుకున్నా మంటే. రాత్రి ఎడమవైపు ఒత్తిగిలి పడుకోలేరు. మళ్లీ చెబితే ‘అది నీ అనుమానంలే’ అంటారు. కొన్నాళ్లకు ఇంట్లోవాళ్లూ అదే నమ్ముతారు.

అనుమానం కాదు. గుండె యంత్రం అమర్చిన తర్వాత మిగిలిపోయే నొప్పుల్లో కొన్ని నరాల నొప్పులు. యంత్రాన్ని ఎంత పరీక్షించినా అవి అందులో కనిపించవు. వాటిని గుర్తించడానికి పెద్ద పట్నమూ ఖరీదైన స్కానూ అక్కర్లేదు. రోగి చెప్పేది ఓపికగా వినడం, కాస్త దూది, ఒక పళ్లపుల్ల చాలు. అయితే దానికి ముందు, ప్రాణానికో యంత్రానికో ముప్పు తెచ్చే కారణాలేవీ లేవని తేల్చుకోవాలి. ఈ రెండు పనులూ వరుస తప్పకుండా జరగాలి. మన దగ్గర చాలాసార్లు రెండూ జరగడం లేదన్నది నా అభిప్రాయం.

ముందు మీకేం అమర్చారో తెలుసుకోండి

‘గుండెకు మిషన్ పెట్టారు’ అన్న ఒక్క మాటను మనవాళ్లు అన్నిటికీ వాడేస్తారు. స్టెంట్ వేరు. అది గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం మూసుకుపోకుండా లోపల పెట్టే సన్నని జాలీ. దానికి ఛాతీ మీద కోత ఉండదు. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకునేవారికి, సమయానికి చిన్న విద్యుత్ సంకేతం అందించి దాన్ని కొట్టుకునేలా చేసేది పేస్‌మేకర్. గుండె ప్రాణాంతకమైన వేగంతో కొట్టుకున్నప్పుడు షాక్ ఇచ్చి దారికి తెచ్చేది ఐసీడీ. గుండె వైఫల్యం ఉన్న కొందరికి, గుండె రెండు వైపులూ కలిసి కొట్టుకునేలా చేసే సీఆర్‌టీ అమరుస్తారు.

ఈ మూడు యంత్రాలనూ సాధారణంగా ఎడమ కాలర్ ఎముక కింద, చర్మానికీ ఛాతీ కండరానికీ మధ్య సంచిలాంటి చోటు చేసి ఉంచుతారు. ఆ చోటును ‘పాకెట్’ అంటారు. అక్కడి నుంచి సన్నని తీగలు సిర గుండా గుండెలోకి వెళ్తాయి. మీకు ఏ యంత్రం పెట్టారు, ఏ కంపెనీది, ఎప్పుడు పెట్టారు, ఎంఆర్ఐ తీయించుకోవచ్చా అన్న వివరాలు డిశ్చార్జి సమయంలో ఇచ్చే చిన్న కార్డు మీద, కాగితాల్లో ఉంటాయి. ఆ కార్డును బీరువాలో దాచకండి. ఆధార్ కార్డులా వెంట ఉంచుకోండి. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆళ్లగడ్డ పక్క పల్లెలో అర్ధరాత్రి ఛాతీ పట్టేస్తే, 108 సిబ్బందికీ డ్యూటీ డాక్టరుకూ ముందుగా పనికొచ్చే కాగితం అదే.

‘నరం’ అనే మాటతో వచ్చే చిక్కు

తెలుగులో ‘నరం’ మాట చాలా పనులు చేస్తుంది. సెలైన్ ఎక్కించేది నరానికే అంటాం. మెడ తిరగకపోతే నరం పట్టేసిందంటాం. కాలు బెణికితే నరం తప్పిందంటాం. నీరసంగా ఉంటే నరాల బలహీనత అంటాం. వైద్యంలో ఇవన్నీ వేర్వేరు. సెలైన్ ఎక్కించేది సిరకు. అది రక్తాన్ని మోసే గొట్టం. పేస్‌మేకర్ తీగ వెళ్లేదీ దాని గుండానే. నేను ఇక్కడ నరం అంటున్నది స్పర్శ, నొప్పి, వేడి, చలి కబుర్లను మెదడుకు చేర్చే తంతువును. ఆ రెండింటికీ సంబంధం లేదు.

ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, డాక్టరు ‘మీది నరాల నొప్పి’ అనగానే రోగికి తీగ గుర్తొస్తుంది. ‘వైరు నరాన్ని కోస్తోంది, చెయ్యి కదిపితే ఊడిపోతుంది’ అనుకుంటారు. ఆ భయంతో నెలల తరబడి చేతిని ఒంటికి కట్టేసినట్టు ఉంచుతారు. ఆరు నెలలకు భుజం బిగుసుకుపోతుంది. నరాల నొప్పికి భుజం నొప్పి తోడవుతుంది. అందుకే డాక్టర్లకు నా విన్నపం: ‘చర్మానికి స్పర్శనిచ్చే సన్నని నరం కోత దగ్గర దెబ్బతింది, యంత్రం తీగకు ఏమీ కాలేదు’ అని ఆ ఒక్క వాక్యం పూర్తిగా చెప్పండి. దానితోనే సగం భయం పోతుంది.

గాయం మానినా నొప్పి ఎందుకు?

మెడ నుంచి దిగే సన్నని నరాలు కాలర్ ఎముక మీదుగా పాకి పై ఛాతీ చర్మానికి స్పర్శనిస్తాయి. పక్కటెముకల మధ్య నుంచి వచ్చే కొమ్మలు ఆ కింది భాగాన్ని చూసుకుంటాయి. వాటిలో ఒక కొమ్మ చంకకూ జబ్బ లోపలి వైపుకూ వెళ్తుంది. ఇంకాస్త లోతున, చేతికి వెళ్లే పెద్ద నరాల కట్ట రక్తనాళాల పక్కనే ఉంటుంది. యంత్రం అమర్చేది సరిగ్గా ఈ కూడలిలోనే.

కోత పెట్టినప్పుడు చర్మపు నరాలు కొన్ని తెగడం, సాగడం మామూలే. మచ్చ చుట్టూ కొన్ని వారాలు మొద్దుబారినట్టు ఉండి చాలామందిలో అదే సర్దుకుంటుంది. కొందరిలో మాత్రం తెగిన నరం కొస గానీ, మచ్చలో చిక్కుకున్న నరం గానీ తప్పుడు కబుర్లు పంపుతూనే ఉంటుంది. కాలింగ్ బెల్ స్విచ్ ఇరుక్కుపోతే గుమ్మంలో ఎవరూ లేకపోయినా గంట మోగుతూనే ఉంటుంది కదా, అలాగన్నమాట. గాయం మానింది, చీము లేదు, యంత్రం బాగుంది, అయినా నొప్పి ఉంది. ఆ నొప్పి అబద్ధం కాదు.

ఆపరేషన్ తర్వాత మొదలై, లేదా అప్పటి నుంచి పెరిగి, కనీసం మూడు నెలలు దాటినా తగ్గని నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో ప్రత్యేకంగా చోటుంది. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న 11వ కూర్పులో దాన్ని ‘శస్త్రచికిత్స అనంతర దీర్ఘకాలిక నొప్పి’గా చేర్చారు. అది కోత పెట్టిన చోటగానీ, అక్కడి నరం వెళ్లే మేరలోగానీ ఉండాలి. ఇన్ఫెక్షన్ వంటి ఇతర కారణాలు కావని తేలాలి. అంటే మూడు నెలలు ఊరికే ఎదురుచూడమని కాదు. నరాల నొప్పి లక్షణాలను మొదటి వారాల్లోనే పట్టుకోవచ్చు. కానీ మూడు నెలలు దాటిన నొప్పిని ‘మెల్లగా అదే పోతుందిలే’ అని పంపేయడం మాత్రం తప్పు.

ముందు ఇవి కావని తేలాలి

నరాల నొప్పి అన్న ముద్ర తొందరపడి వేయడం కూడా ప్రమాదమే. అందుకే ఈ కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంట్లో కూర్చోకండి.

• పాకెట్ మీద చర్మం ఎర్రబడటం, వేడెక్కడం, వాయడం, నీరో చీమో కారడం, చర్మం పలచబడి యంత్రం అంచు పొడుచుకు వస్తున్నట్టు కనిపించడం. ఇది ఇన్ఫెక్షన్ కావచ్చు. జ్వరం ఉండి తీరాలని లేదు. ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. కొన్నిసార్లు కొత్తగా మొదలైన నొప్పే మొదటి సూచన.

• అటువైపు చెయ్యి మొత్తం వాచి, బరువెక్కి, నీలిరంగుకు తిరగడం. తీగ వెళ్లిన సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు.

• కళ్లు తిరగడం, స్పృహ తప్పడం, ఆగని వెక్కిళ్లు, ఛాతీ కండరమో చెయ్యో లయగా ఎగిరెగిరి పడటం. తీగ ఉన్న చోటు నుంచి కదిలి ఉండవచ్చు. పాకెట్‌లో ఉన్న యంత్రాన్ని చేత్తో తిప్పే అలవాటు ఉన్నవారిలో తీగలు చుట్టుకుపోయి జారిపోవడాన్ని వైద్యులు 1968లోనే గుర్తించారు.

• ఆపరేషనైన తొలి రోజుల్లో ఊపిరి పీల్చితే పొడిచినట్టు నొప్పి, ఆయాసం. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడమో, తీగ గుండె గోడను దాటడమో కావచ్చు.

• నడిస్తే, మెట్లెక్కితే ఛాతీ మధ్యలో బిగుతు, ఆగితే తగ్గడం, చెమటలు, దవడకో చేతికో పాకడం. ఇది గుండె నొప్పి. పేస్‌మేకర్ ఉంటే గుండెపోటు రాదన్నది వట్టి అపోహ. అది లయను చూసుకుంటుందే తప్ప రక్తనాళాల్లో కొవ్వును ఆపదు.

ఈ చివరి విషయంలో వైద్యులూ జాగ్రత్తగా ఉండాలి. పేస్‌మేకర్ నడిపిస్తున్న గుండె ఈసీజీ గీతలు మామూలు గీతల్లా ఉండవు. వాటిలో గుండెపోటు గుర్తులు మరుగునపడవచ్చు. ‘ఈసీజీ మారలేదు’ అని ధైర్యం చెప్పి పంపేయకుండా, అనుమానముంటే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేయాలి, అవసరమైతే మళ్లీ చేయాలి.

మీ మాటలోనే సగం జవాబు ఉంటుంది

ఈ ముప్పులు లేవని తేలాక అసలు పని మొదలవుతుంది. నొప్పిని చెప్పడానికి తెలుగులో ఉన్నన్ని మాటలను డాక్టర్లం సరిగా వాడుకోవడం లేదు. ‘నొప్పి ఉందా, లేదా?’ అని అడిగి ‘ఉంది’ అనగానే మాత్ర రాసేస్తాం. ‘ఎలాంటి నొప్పి?’ అని అడిగితే మాటల పెట్టె తెరుచుకుంటుంది.

‘సలుపు’ అన్నారంటే లోపల వాపో చీమో ఉందేమో చూడాలి. ‘బరువు, బిగుతు’ అంటే గుండెను తలచుకోవాలి. ‘ఎత్తితే పట్టేస్తోంది’ అంటే భుజం కీలు వైపు చూడాలి. ‘మంట, చురుకులు, జివ్వుమంటోంది, సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు, తిమ్మిరి, మొద్దుబారినట్టు’ అంటే అది నరం భాష. అందరూ ఒకేలా మాట్లాడరు కాబట్టి ఒక్క మాటతోనే తేల్చేయలేం. కానీ ఎటు వెతకాలో ఆ మాటే చెబుతుంది.

వీటిలో ‘కరెంటు కొట్టినట్టు’ అన్న మాట దగ్గర ప్రత్యేకంగా ఆగాలి. నరాల నొప్పికి అది సహజమైన పోలిక. కానీ ఒంట్లో యంత్రం ఉన్న మనిషికి అది పోలికలా అనిపించదు. బ్యాటరీ కరెంటు లీకవుతోందని హడలిపోతారు. పేస్‌మేకర్ ఒంటికి షాక్ ఇవ్వదు. అది గుండెకిచ్చే సంకేతం మనకు తెలియనంత చిన్నది. ఐసీడీ అలా కాదు, అవసరమైతే నిజంగానే షాక్ ఇస్తుంది. అది ఛాతీలో ఎవరో ఒక్కసారిగా తన్నినట్టు, ఒళ్లంతా అదిరినట్టు ఉంటుంది. నరం ఇచ్చే ‘కరెంటు’ మచ్చ దగ్గరో జబ్బలోనో ఒకే దారిలో వస్తుంది. అక్కడ తాకితేనో చెయ్యి ఒక తీరుగా కదిపితేనో మళ్లీ వస్తుంది. మీకున్నది ఐసీడీ అయితే మాత్రం ఈ తేడాను మీరే తేల్చుకోవద్దు. యంత్రాన్ని పరీక్షిస్తే షాక్ ఇచ్చిందో లేదో దాని జ్ఞాపకంలోనే దొరుకుతుంది. షాక్ తర్వాత స్పృహ తప్పినా, ఆయాసం వచ్చినా, వెంటవెంటనే షాక్‌లు వచ్చినా వెంటనే 108కు ఫోన్ చేయాలి.

ఐదు నిమిషాల పరీక్ష

నరాల నొప్పిని గుర్తించడానికి ‘డీఎన్4’ అనే చిన్న ప్రశ్నావళి ఉంది. 2005లో ఫ్రాన్స్ వైద్యులు ప్రకటించారు. అందులో మొత్తం పది అంశాలు. ఏడు రోగిని అడిగేవి: మంట ఉందా? నొప్పి పుట్టించే చల్లదనం ఉందా? కరెంటు షాక్‌లా ఉందా? అదే చోట జలదరింపు, సూదులు గుచ్చినట్టు ఉండటం, మొద్దుబారడం, దురద ఉన్నాయా? మిగిలిన మూడు తాకి చూసేవి: తాకితే స్పర్శ తగ్గిందా? గుచ్చితే తెలియడం తగ్గిందా? మెత్తగా రాస్తే నొప్పి పుడుతోందా? పదిలో నాలుగు లేదా అంతకు మించి ‘అవును’ వస్తే నరాల నొప్పి అయ్యే అవకాశం ఎక్కువ.

దీనికి కావాల్సింది దూది, పళ్లపుల్ల, రోగి పైగుడ్డ తీసి చూసే తీరిక. రెండు వైపులా తాకి పోల్చాలి. మొద్దుబారిన మేరను, దూది తగిలితే మంట పుట్టే మేరను చర్మం మీద పెన్నుతో గీయాలి. ఆ గీత ఒక నరం పరిధికి సరిపోతే జవాబు దగ్గరపడ్డట్టే. మచ్చ మీద ఒకే చోట వేలితో మెల్లగా తడితే నరం వెళ్లే దారిలో జివ్వుమంటే, అక్కడ నరం చిక్కుకుందని అనుకోవచ్చు. స్పర్శ తగ్గిన చోటే మంట ఉండటం రోగికి వింతగా తోస్తుంది. ‘మొద్దుబారింది అంటావు, మంట అంటావు, ఏదో ఒకటి చెప్పు’ అని ఇంట్లో కసురుకుంటారు. నిజానికి ఆ రెండూ కలిసి ఉండటమే నరాల నొప్పి గుర్తు.

ఆడవాళ్ల విషయంలో ఈ పరీక్ష మరీ తక్కువగా జరుగుతోంది. జాకెట్ అంచు, లోదుస్తుల పట్టీ సరిగ్గా పాకెట్ మీదే రాసుకుంటుంది. మగ డాక్టరుకు చెప్పడానికి మొహమాటం. డాక్టరుకూ చూడటానికి మొహమాటం. ఫలితంగా బట్ట మీద నుంచే పరీక్ష ముగుస్తుంది. నర్సమ్మను పక్కన ఉంచుకుని, చీర కొంగు కప్పుకుని చూపించుకునే హక్కు మీకుంది. అడగండి.

అంతర్జాతీయ నొప్పి నిపుణులు ఈ రోగనిర్ధారణకు మూడు మెట్లు పెట్టుకున్నారు. నొప్పి మొదలైన తీరు, ఉన్న చోటు ఒక నరానికి సరిపోతే ‘కావచ్చు’. ఆ మేరలో స్పర్శ తేడా కూడా దొరికితే ‘బహుశా అదే’. నరం దెబ్బతిన్నట్టు మరో పరీక్షలో రుజువైతే ‘అదే’. చికిత్స మొదలుపెట్టడానికి చాలామందిలో రెండో మెట్టు చాలు. ఆ మెట్టు దాకా ఏ ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలోనైనా ఎక్కవచ్చు.

నరంలా నటించేవి

చక్కెర జబ్బు ఉన్నవారిలో భుజం బిగుసుకోవడం ఎక్కువ. చేతిని పక్కకు, బయటికి తిప్పలేకపోవడం దాని గుర్తు. మెడ ఎముకల అరుగుదల ఉంటే మెడ తిప్పినప్పుడు నొప్పి చేతిలోకి పాకుతుంది. చక్కెర వల్ల నరాలు దెబ్బతింటే మంట సాధారణంగా రెండు పాదాల్లో మొదలవుతుంది, ఒక్క ఛాతీ పక్కనే కాదు. ఛాతీ ఒక పక్క పట్టీలా మంట మొదలై, కొద్ది రోజులకు నీటి పొక్కులు వస్తే అది హెర్పిస్ జోస్టర్. ఊళ్లో దాన్నే సర్పి అంటారు. చెయ్యి మొత్తం వాచి, రంగు మారి, చెమటలో, వేడిలో రెండో చేతికీ దీనికీ తేడా కనిపిస్తే అది వేరే రకం సంక్లిష్టమైన నొప్పి. త్వరగా నిపుణులకు చూపించాలి. ఉంగరపు వేలు, చిటికెన వేలు మొద్దుబారి, చేతిలో పట్టు తగ్గితే లోతున్న పెద్ద నరాల కట్టను అనుమానించాలి.

స్కాన్‌ల కోసం పరుగెత్తకండి

‘ఎంఆర్ఐ తీయిస్తే తేలిపోతుంది కదా’ అని అడుగుతారు. చర్మంలోని సన్నని నరం చిక్కుకోవడం ఎంఆర్ఐలో చాలావరకు కనిపించదు. పైగా అన్ని గుండె యంత్రాలూ ఎంఆర్ఐకి సరిపడవు. సరిపడే వాటికి కూడా స్కాన్‌కు ముందు, తర్వాత యంత్రం సెట్టింగులు చూడాలి. కాబట్టి కార్డు చూపకుండా స్కాన్ గదిలో అడుగుపెట్టకండి. నరాల వేగం చూసే పరీక్ష చేతికి వెళ్లే పెద్ద నరాలకు ఉపయోగపడుతుంది. చేసే డాక్టరుకు యంత్రం సంగతి ముందే చెప్పాలి.

అవసరమైన కొందరిలో మత్తుమందు నిపుణులు అల్ట్రాసౌండ్ చూస్తూ, పాకెట్‌కు దూరంగా, అనుమానమున్న నరం దగ్గర తిమ్మిరి మందు ఇస్తారు. కొద్దిసేపు నొప్పి పోతే ఆ నరమే కారణమని చెప్పడానికి అది బలమైన ఆధారం. ఇది నిపుణుల పని. వీధి చివర క్లినిక్‌లో చేయించుకునేది కాదు.

దయచేసి ఇవి చేయకండి

పాకెట్ ఉబ్బుగా ఉందని సూదితో నీరు తీయించుకోవద్దు. నొప్పి ఉన్న చోటే ఇంజక్షన్ వేయించుకోవద్దు. ఆ సూదితో పాటు క్రిమి లోపలికి వెళ్తే యాంటీబయాటిక్ మాత్రలతో పోదు. సాధారణంగా యంత్రాన్నీ తీగలనూ మొత్తం తీసేసి, మళ్లీ కొత్తది పెట్టాల్సి వస్తుంది. చిన్న సూది వెనుక అంత పెద్ద ప్రమాదం ఉంది.

వేడి కాపడం వద్దు. స్పర్శ తగ్గిన చోట కాలినా తెలియదు. వాతలు పెట్టించుకోవడం, పాకెట్ మీద నూనె పోసి గట్టిగా మర్దన చేయించుకోవడం వద్దు. ఫిజియోథెరపీకి వెళ్తే ముందే యంత్రం సంగతి చెప్పండి. డయాథెర్మీ అసలు కూడదు. కరెంటుతో నొప్పి తగ్గించే టెన్స్ వంటివి గుండె వైద్యుడిని అడగకుండా వద్దు.

డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలను మందుల షాపులో కొని నెలల తరబడి మింగవద్దు. నరాల నొప్పికి అవి పెద్దగా పనిచేయవు. గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు ఉన్నవారికి హాని చేస్తాయి. రక్తం పలచబరిచే మందులు వాడేవారిలో రక్తస్రావం తెస్తాయి. నరాల నొప్పికి వేరే మందులున్నాయి. వాటికీ షరతులున్నాయి. కొన్ని గుండె లయ మీద ప్రభావం చూపుతాయి, కొన్ని కాళ్ల వాపు తెస్తాయి, కొన్నిటి మోతాదు కిడ్నీ పనితీరును బట్టి తగ్గించాలి. అందుకే మందు పేరూ మోతాదూ ఇక్కడ రాయడం లేదు. పక్కింటాయనకు పనిచేసింది మీకు సరిపడకపోవచ్చు.

చేతిని కట్టేసుకోకండి. మీ వైద్యుడు చెప్పిన తొలి వారాల్లో భుజం కంటే ఎత్తుకు లేపకుండా, బరువులు ఎత్తకుండా ఉంటే చాలు. మోచేయి, మణికట్టు మొదటి రోజు నుంచే కదపాలి. భుజాన్ని అనుమతించిన మేర రోజూ తిప్పాలి.

పని చేతుల సంగతి

ఆళ్లగడ్డ అంటే రాతి శిల్పులు గుర్తొస్తారు. ఉలి పట్టేది సాధారణంగా ఎడమ చెయ్యి. రోజంతా సుత్తి దెబ్బల అదురు ఆ చేతి నుంచే భుజానికి పాకుతుంది. కేసీ కాలువ కింద వరి పండించే రైతు భుజాన మూట మోస్తాడు, మందు డబ్బా పట్టీ వేసుకుంటాడు. వీళ్లకు ‘బరువు పని చేయకండి’ అని ఒక్క మాటలో చెప్పేస్తే అది కూలి పోగొట్టే సలహా. ఏ పని, ఏ చేత్తో, ఎన్ని గంటలు అని అడగాలి. పట్టీని కుడి భుజానికి మార్చుకోగలరా? అదురును తగ్గించే మెత్తని పట్టు వేసుకోగలరా? రాయి కోసే కరెంటు యంత్రాన్ని ఛాతీకి కనీసం ఆరంగుళాల దూరంలో పట్టుకోగలరా? యంత్రం పెట్టక ముందే పని గురించి అడిగితే పాకెట్ ఎటువైపు, ఎక్కడ ఉండాలో కూడా ఆలోచించవచ్చు.

ఆసుపత్రులు మార్చుకోవాల్సింది

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం వల్ల, ఒకప్పుడు పొలం అమ్మి పెట్టించుకోవాల్సిన యంత్రం పేదవారికీ అందుతోంది. అది చిన్న విషయం కాదు. అయితే యంత్రం పెట్టేది పెద్ద నగరంలో, నొప్పి బయటపడేది ఊళ్లో. నగరంలో నొప్పి గురించి అడగరు. ఊళ్లో యంత్రాన్ని తాకడానికి భయపడతారు. రోగి ఆ రెండింటి మధ్య బస్సులో తిరుగుతుంటాడు.

నా సూచనలు మూడు. ఒకటి, యంత్రం పరీక్షించే ప్రతిసారీ ‘మచ్చ దగ్గర మంట, తిమ్మిరి ఉందా? బట్ట తగిలితే నొప్పి పుడుతోందా? చెయ్యి పూర్తిగా లేస్తోందా?’ అని అడిగి జవాబును కాగితం మీద రాయాలి. రెండు, డిశ్చార్జి కాగితంలో పాకెట్ ఎక్కడ, ఏ సిర, ఎంఆర్ఐకి సరిపడుతుందా అన్న మూడు ముక్కలు తప్పనిసరిగా ఉండాలి. నొప్పి వస్తే ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాయాలి. మూడు, యంత్రాన్ని పరీక్షించే పరికరం కంపెనీకొకటి ఉంటుంది, ప్రతి ఊళ్లో అన్నీ దొరకవు. కానీ నరాన్ని పరీక్షించే దూది ప్రతి ఊళ్లోనూ ఉంది. నంద్యాలలో 2023లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలలో చదువుకునే పిల్లలకు మొదటి నుంచీ ఈ పరీక్ష అలవాటు చేయాలి. పీహెచ్‌సీ డాక్టరు ఈ-సంజీవని ద్వారా నిపుణుడితో మాట్లాడేటప్పుడు ‘నొప్పి’ అని కాకుండా గీసిన మేర, స్పర్శ తేడా, డీఎన్4 మార్కులు చెబితే ఆ నిపుణుడు అక్కడి నుంచే దారి చూపగలడు.

నొప్పికి భయపడి యంత్రం వద్దనుకోకండి. 1958 అక్టోబరు 8న స్టాక్‌హోమ్‌లో ఆర్నే లార్సన్ అనే వ్యక్తికి ప్రపంచంలోనే మొదటిసారి ఒంటి లోపల పేస్‌మేకర్ అమర్చారు. అది కొన్ని గంటలే పనిచేసింది. ఆ తర్వాత ఆయన రెండు డజన్లకు పైగా యంత్రాలు మార్చుకుంటూ 2001 దాకా, 86 ఏళ్ల వయసు వరకు బతికారు. ఇప్పటి యంత్రాల బ్యాటరీలు ఏళ్ల తరబడి వస్తాయి. కానీ బ్యాటరీ అయిపోయినప్పుడు అదే చోట మళ్లీ కోత తప్పదు. మొదటి నొప్పికి సమాధానం దొరకని మనిషి రెండో కోతకు జంకుతాడు, వాయిదా వేస్తాడు. గుండె పూర్తిగా ఆ యంత్రం మీదే ఆధారపడి ఉంటే ఆ వాయిదా ప్రాణం మీదికి తెస్తుంది. నరాల నొప్పిని పట్టించుకోవాలని ఇంతగా చెప్పడం అందుకే.

ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు నాలుగు విషయాలు కాగితం మీద రాసుకెళ్లండి: నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎలా ఉంటుంది, ఏం తగిలితే పెరుగుతుంది, దాని వల్ల మీరు ఏ పని మానేశారు. యంత్రం కార్డు, వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లండి. యంత్రం బాగుందని చెబితే సంతోషించండి. ఆ తర్వాత చొక్కా గుండీ విప్పి, వేలితో ఆ చోటు చూపించి, ‘ఇక్కడ ఒకసారి దూదితో తాకి చూడండి డాక్టర్ గారూ’ అని అడగండి.

(వ్యాసకర్త ఎంబీబీఎస్, ఎండీ, నంద్యాలలో ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు)